పటం మిగిలింది, పటం చెప్పేవాడేడీ?



ఆచార్య బిరుదురాజు రామరాజు గారిని తలుచుకునే సభలో మాట్లాడమంటే కాదనడం నావల్ల కాలేదు. వరంగల్లు జిల్లా దేవనూరులో 1925లో పుట్టిన ఆయన తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు అందుకున్నారు. కావ్యమూ ప్రబంధమూ తప్ప మరొకటి సాహిత్యమే కాదనుకునే రోజులవి. నాట్లు వేసే ఆడవాళ్ల పాటకు కూడా పాఠాంతరాలుంటాయని, దానికీ ఒక చరిత్ర ఉంటుందని ఆయన పట్టుబట్టి నిరూపించారు. 2010లో ఆయన కన్నుమూసే నాటికి మన విశ్వవిద్యాలయాల్లో జానపదం ఒక పాఠ్యాంశమై స్థిరపడింది. ఆయన పాటను పట్టుకున్నారు. ఆ పాట పాడేటప్పుడు చేతిలో ఉండే వాద్యం, వెనక వేలాడే గుడ్డ, ముందు పెట్టిన కుండ, వీటి గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్తాను.

పల్లెటూరి పాత వస్తువులకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. హైదరాబాదు చుట్టూ కొత్తగా పెట్టే ప్రతి పల్లె రుచుల హోటలు గుమ్మంలోనూ ఒక బండిచక్రం, ఒక తిరగలి, రెండు లాంతర్లు కనిపిస్తాయి. వాటి మీద నాకు కోపం లేదు. తిరగలి పట్టి జొన్నలు విసిరిన ఆడవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు. పిండిమర వచ్చింది, చేతుల బొబ్బలు మానాయి, తిరగలి హోటలు గుమ్మం చేరింది. అంతటితో దాని సంగతి సరి. నేను చెప్పదలచుకున్నవి ఇంకోరకం వస్తువులు. ఒక కులానికి ఇంకో కులం మీద, ఒక కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద, ఒక పాటగాడికి ఒక తెగ మీద ఉండే హక్కుకు సాక్ష్యంగా నిలిచిన వస్తువులు. వీటిని కాపాడుతున్నామని మనం ఎంత చెప్పుకుంటున్నా, కాపాడినది వస్తువులో సగమేనని నా అభిప్రాయం. ఆ సగం కూడా తేలికైన సగం.

చేర్యాల పటంతో మొదలుపెడతాను. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, నిన్నమొన్నటిదాకా వరంగల్లు జిల్లా. కథ చెప్పేవాళ్లు విప్పి చూపించే బొమ్మల పటాలను అక్కడి నకాషీ కుటుంబాలవాళ్లు రాస్తారు. ఖద్దరు గుడ్డ తీసుకుని గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టి రుబ్బిన చింతగింజల గుజ్జు, బంకనీళ్లు కలిపి పూత పెడతారు. ఒక పూత పూర్తిగా ఆరాక ఇంకొకటి, అలా మూడు పూతలు. ఈ పూత కుదరకపోతే మిగతా పనితనమంతా వృథా. ఎందుకంటే ఇది గోడకు తగిలించి వదిలేసే బొమ్మ కాదు. ఏళ్ల తరబడి చుడుతూ విప్పుతూ, మూటగట్టి భుజాన వేసుకుని ఊరూరా తిప్పే పనిముట్టు. చుడితే పగలకూడదు, విప్పితే రంగు పెచ్చులు రాలకూడదు. తెలుపుకు శంఖం, నలుపుకు దీపపు మసి, నీలానికి నీలిమందు, ఎరుపుకు ఇంగిలీకం వాడేవారు. ఉడుత వెంట్రుకలతో కుంచె కట్టుకునేవారు. ముందు పెన్సిలుతో గీసి దిద్దడం ఉండదు, కుంచెతో నేరుగా గీతే. వెనకనేలంతా ఎరుపు. వెడల్పు సుమారు 3 అడుగులు, పొడవు కథను బట్టి 40, 45 అడుగులు, కొన్ని పటాలు ఇంకా ఎక్కువ. వినాయకుడితో మొదలై వరుస కింద వరుసగా బొమ్మలు నడుస్తాయి. వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు.

ఒక పాత పటాన్ని తాపీగా, దగ్గర్నుంచి చూసే అవకాశం ఒక కథకుడి ఇంట్లో నాకు దొరికింది. మంచం మీద దుప్పటి పరిచి దాని మీద కొంచెం కొంచెంగా విప్పాడు. బొమ్మల అందం కంటే ముందు నా కళ్లకు ఆనింది రంగు చెదిరిన చోట్లు. పటమంతా ఒకేలా మాసిపోలేదు. కథ చెప్పేటప్పుడు సన్నని కర్రతో పాత్రల్ని చూపిస్తారు కదా, ఆ కర్ర మొన తగిలి తగిలి ముఖ్యపాత్రల మొహాల దగ్గర, చేతుల దగ్గర రంగు లేచిపోయి కింద సుద్ద తెల్లగా బయటపడింది. యుద్ధం వరుసలు దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. పెళ్లి వరుస మాత్రం నేత పోగులు కనిపించేదాకా అరిగిపోయింది. కారణం తెలిసిందే. పెళ్లి ఘట్టం దగ్గర కట్నాలు చదివిస్తారు. అక్కడ కథకుడు తొందరపడడు. పెళ్లివారిని ఒక్కొక్కరినే కర్రతో తాకి చూపిస్తాడు, ఇచ్చినవాళ్ల ఇంటిపేరూ గోత్రమూ ఎత్తి దీవిస్తాడు, ఇవ్వనివాళ్లకు సిగ్గేసేదాకా ఆగుతాడు. పటం వెనక పాతచీర ముక్కలతో వేసిన అతుకులున్నాయి. పై అంచున దీపం పొగ నల్లగా పట్టింది. ఇలాంటి పటం మ్యూజియానికి చేరితే రిజిస్టరులో ఈ చోట్లన్నిటినీ దెబ్బతిన్న భాగాలని రాసుకుంటారు. నా మటుకు పటంలో అన్నిటికంటే ముందు చదవాల్సినవి అవే. ఏ కథ ఎన్ని ఊళ్లలో ఎలా చెప్పారో, ఎక్కడ ఆగారో, ఎక్కడ పరుగెత్తారో ఆ అరుగుదలే చెబుతుంది.

ఏ పటం ఎవరిదో కూడా చెప్పుకోవాలి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. మార్కండేయుడి వంశంలో భావనారుషి పుట్టడం, విష్ణువు నాభి కమలం నుంచి తామరతూడు నూలు తేవడం, పులినెక్కి రావడం, భద్రావతిని పెళ్లాడటం అందులో ఉంటాయి. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. గౌడపురాణం గౌడజెట్టివాళ్లది. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగలవాళ్లు చెబుతారు. రజకులకు మడేలు పురాణం పటంవాళ్లు, నాయీబ్రాహ్మణులకు వాళ్ల పురాణం అద్దపువాళ్లు చెబుతారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లున్నారు. వాళ్లకు రుంజ అనే ఆ పెద్ద వాద్యమే సర్వస్వం. యాదవులకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్ల దగ్గర పటానికి బదులు పెట్టెనిండా చెక్కబొమ్మలుంటాయి. తేలికైన పొణికి కర్రతో చేసిన బొమ్మలు. పాత్ర కథలోకి వచ్చినప్పుడు దాని బొమ్మ పెట్టెలోంచి బయటికి వస్తుంది, అప్పటిదాకా రాదు.

వీళ్లను ఆశ్రిత కులాలంటున్నాం. ఒక కూనపులి కుటుంబానికి ఫలానా ఊళ్లని మిరాశీ ఉంటుంది. ఆ ఊళ్లలో మరొకరు పటం విప్పకూడదు. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకుంటారు. అవసరం పడి ఊళ్లు తాకట్టుపెట్టినవాళ్లున్నారు, కూతురికి కట్నంగా ఊళ్లిచ్చినవాళ్లూ ఉన్నారు. కొందరి దగ్గర తమ హక్కు రాసిన రాగిరేకు శాసనం ఉంటుంది. ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి ఊరికి వచ్చి, కథ చెప్పి, త్యాగం పేరుతో తమకు రావలసిన కానుక పుచ్చుకుని పోతారు. బయటివాళ్లు చూసి అడుక్కోవడం అనుకుంటారు. అది అడుక్కోవడం కాదు, వసూలు. ఇవ్వడం దాత కులం ధర్మం, పుచ్చుకోవడం వీళ్ల హక్కు. పటం ఆ హక్కుకు రుజువు. సర్కారు కాగితంలో ఒక కళాకారుడిగా నమోదైన మనిషికి తన ఊళ్లో తన ఉనికి చెప్పుకోవడానికి ఉన్న ఆధారం ఆ 3 అడుగుల వెడల్పు గుడ్డ.

ఇక్కడ ఇంకో మాట. పటం రాసేవాడు వేరు, చెప్పేవాడు వేరు. పటం కావాలంటే కథకుడు చేర్యాల వెళ్లి నకాషీకి పురమాయించేవాడు. కథ క్రమం కథకుడిది, గీత నకాషీది. ఏ ఘట్టానికి ఎన్ని వరుసలో, ఎవరు ఎవరి పక్కన నిలబడాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకునేవారు. పటం పూర్తయితే పూజ చేసి అప్పగించేవారు. పాతదైపోయిన పటాన్ని అమ్మేవారు కాదు, అటకెక్కించేవారు కాదు. దానికీ పూజ చేసి నీళ్లలో కలిపేవారు. వందల ఏళ్లనాటి పటాలు మనకు అరుదుగా దొరకడానికి చెదలు, వానలు మాత్రమే కారణమని నేననుకోను. పనయిపోయిన పటం ఉండకూడదన్న కట్టడి కూడా కారణమే. ఇప్పుడు మ్యూజియాల్లో మనం చూస్తున్న పటాల్లో చాలావాటిని ఆ కట్టడి తప్పడం వల్లనే చూడగలుగుతున్నాం. హైదరాబాదులో జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో పాత తెలంగాణ పటాలున్నాయి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిని అక్కడికి చేర్చినవాళ్లను తప్పుబట్టను. మిట్టల్ గారి వంటివాళ్లు లేకపోతే మనకు పోల్చిచూడటానికి పాత పటమే ఉండేది కాదు. అయితే నీళ్లలో కలవాల్సిన వస్తువు అద్దాల పెట్టెలో ఉందన్న సంగతి కనీసం ఆ పెట్టె మీద రాసి ఉండాలి కదా?

ఈ వ్యవస్థనంతటినీ నేను పొగుడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. డక్కలివాళ్ల సంగతే తీసుకోండి. మాదిగల మీద హక్కున్నవాళ్లే, కానీ మాదిగవాడలో కూడా వాళ్లకు చోటు దూరంగానే. అంటరానితనం కింద నలిగినవాళ్లు తమకంటే కిందివాళ్లని ఇంకొకరిని నిలబెట్టుకోవడం మన కులవ్యవస్థ చేసిన వింత. కథ చెప్పేవాడి పిల్లలు బడికి పోతామంటే, పెద్దవాళ్లు త్యాగం కోసం ఊళ్లు తిరగమంటే, నేను బడి వైపే ఉంటాను. దాత కులంలో చదువుకున్న కుర్రవాడు ఈ మర్యాదలన్నీ ఎందుకని అడిగితే ఆ ప్రశ్నలోనూ తప్పులేదు. అయినా ఆ జాంబపురాణం ఏం చెబుతుందో ఒకసారి చూడండి. ఆది జాంబవుడు ఈ భూమి పుట్టకముందే పుట్టినవాడు, అందరికంటే పెద్దవాడు. ఊరి చివర ఉంచిన జనం ఊరికంటే ముందు తామున్నామని చెప్పుకున్న పురాణమది. దాన్ని బొమ్మకట్టి, రంగులేసి, రాత్రంతా దీపం వెలుతురులో ఊరివాళ్ల ముందే విప్పి చూపించారు. అంత ధిక్కారం ఉన్న కథను తాటాకుల మీద ఎక్కించి గుళ్లో దాచడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. గుడ్డ మీద ఉండబట్టి, డక్కలివాడి భుజాన ఉండబట్టి మిగిలింది. అవమానం, ధిక్కారం రెండూ ఆ ఒక్క వస్తువులోనే ఉన్నాయి. ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని తీసుకుంటానంటే కుదరదు.

గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఏమైంది? సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, మగ్గాలు మూతపడి పద్మశాలీలు సూరత్‌కూ భీవండికీ ముంబైకీ వలసపోయారు. దాత కులమే ఊళ్లో లేకపోతే కూనపులివాడు ఎవరి ముందు పటం విప్పుతాడు? పటాలకు పురమాయింపులు తగ్గాయి. నకాషీల చేతికి పని లేకుండా పోతున్న ఆ సమయంలో హస్తకళల శాఖలు, కళాభిమానులు ముందుకొచ్చి వాళ్లను ఆదుకున్నారు. 40 అడుగుల పటం అడుగు చదరపు బొమ్మ అయింది. పురాణం స్థానంలో బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, కల్లు గీసే గౌడ్, ఎడ్లబండి వచ్చాయి. మాస్కులొచ్చాయి, పెట్టెలొచ్చాయి, తాళంచెవి గొలుసులొచ్చాయి. నకాషీలకు జాతీయ పురస్కారాలు వచ్చాయి, భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. దానికి సంతోషించాల్సిందే. బెంగళూరులో ఇల్లు కట్టుకున్న తెలుగు ఇంజనీరు హాల్లో చేర్యాల బొమ్మ వేలాడదీస్తే నకాషీ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

కానీ పటం చెప్పేవాడికి ఏ పథకమూ రాలేదు. అతని దగ్గర అమ్ముకునే సరుకు లేదు. ఉన్నదల్లా నోట్లో కథ, భుజాన పటం, కొన్ని ఊళ్ల మీద హక్కు. కథకు కొనుగోలుదారు లేడు, హక్కుకు విలువ పోయింది, పటం ఒక్కదానికే బేరం వచ్చింది. అమ్మినవాళ్లు అమ్మారు, వాళ్లను అనడానికి మనకు నోరు లేదు. ఫలితంగా ఇవాళ చేర్యాల కళ బతికింది అంటున్నాం. బతికింది రాసే కళ. చెప్పే కళలో మిగిలినవాళ్లు ముసలివాళ్లు, వాళ్ల వెనక ఎవరూ లేరు. చేర్యాల మీద మాటలన్నీ రంగుల గురించి, చింతగింజల గురించే నడుస్తాయి. నేనూ ఇప్పటిదాకా అవి చెప్పకుండా ఉండలేకపోయాను. కీర్తన తంగవేలు లాంటి పరిశోధకులు పటాన్ని ప్రదర్శనతో కలిపి చదవాలని ఎప్పుడో చూపించారు. 1998లో బర్కిలీ విశ్వవిద్యాలయానికి ఆవిడ సమర్పించిన సిద్ధాంతవ్యాసం ఈ తెలంగాణ పటపురాణాల మీదే. మన కళాశాలల్లో ఎందరు దాన్ని తిరగేశారో మరి.

కొండవైపు వెళితే ఇదే సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1940లో గోండు నాయకుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక ఆదిలాబాద్ గోండుల స్థితిగతులు చూడమని నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం రాజ్‌గోండుల గురించి ఇప్పటికీ మనకు పెద్ద ఆధారం. గోండులకు పురాణం చెప్పేది పర్ధాన్లు. వాళ్ల వాద్యం కీక్రి, మూడు తీగల కమాను వాద్యం. ప్రతి గోండు వంశానికీ తన పర్ధాన్ ఉంటాడు, పండుగకు అతను కావాలి, చావుకు అతను కావాలి, ఇచ్చే కానుకకు లెక్క ఉంది. గోండీలో గోండుల పురాణమంతా ధారాళంగా పాడే ఆ పర్ధాన్ల ఇంటిభాష మరాఠీ అని హైమండార్ఫ్ గమనించారు. ఒక జాతి జ్ఞాపకాన్ని తమ ఇంట్లో మాట్లాడని భాషలో ఇంకో జనం తరతరాలుగా మోసుకురావడం ప్రపంచంలో ఎన్నిచోట్ల ఉందో! కీక్రిని గాజుపెట్టెలో పెట్టి పక్కన గిరిజన తంత్రీవాద్యం అని చీటీ అంటిస్తే ఈ సంగతంతా ఎగిరిపోతుంది.

కోయల పడిగెలదీ ఇదే కథ. వంశానికీ, వంశాల సముదాయమైన గట్టుకూ సంబంధించిన దేవతల బొమ్మలు కుట్టిన గుడ్డజెండాలవి. వాటిని చూసి వంశగాథ చెప్పేవాడు డోలి. కోయ గాథలను, సమ్మక్క సారలమ్మల కథను కంచుతాళం మీద చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. పడిగె మీద ఉన్న ఒక నెమలి బొమ్మనో, పులి బొమ్మనో చూపించి ఇది ఎవరు, ఎటునుంచి వచ్చారు, ఎవరితో వియ్యమందకూడదు అని చెప్పగలిగే మనుషులు ఎంతమంది మిగిలారో ఎవరైనా లెక్క తీస్తే బాగుండును.

సంబంధం తెగని చోట వస్తువు ఎలా ఉంటుందో చూడాలనుకునే విద్యార్థులు పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ వెళ్లండి. నాగోబా జాతర మెస్రం వంశంవారిది. జాతరకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులే చేయాలి. నెలవంక కనిపించాక మెస్రంవాళ్లు ఎడ్లబండి మీద సిరికొండ వెళ్లి కుండలకు చెప్పి వస్తారు. బజారులో కుండలు దొరక్క కాదు. గోండుల దేవుడికి గోండేతరుడైన కుమ్మరి చేసిన కుండే కావాలన్నది కట్టుబాటు. తర్వాత వాళ్లు కాలినడకన రోజుల తరబడి నడిచి గోదావరిలో హస్తినమడుగు నుంచి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతోనే పూజ. కొత్తగా మెస్రం ఇంట అడుగుపెట్టిన కోడళ్లను ఆ రాత్రి నాగోబా ముందుకు తెచ్చి పరిచయం చేస్తారు, అప్పటికిగానీ వాళ్లకు ఆ పూజలో భాగం రాదు. సిరికొండలో ఆ కుండలు చేస్తుండగా చూస్తే ప్రత్యేకంగా ఏమీ ఉండదు. అదే సారె, అదే మట్టి. నగిషీ లేదు, రంగు లేదు. మన హస్తకళల ప్రదర్శనలో పెడితే ఎవరూ ఆగి చూడరు. ఇక్కడ విలువంతా ఆ కుండ ఎవరు చేశారు, ఎవరు అడిగి చేయించుకున్నారు అన్నదానిలోనే ఉంది. అందుకేనేమో దానికి ఇంకా ఏ ఆపదా రాలేదు.

మేడారం సమ్మక్క సారలమ్మల జాతర మీకందరికీ తెలిసినదే. రెండేళ్లకోసారి మాఘపౌర్ణమికి జరిగే ఆ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అక్కడ విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి వడ్డెలు, అంటే కోయ పూజారులు, తెచ్చే కుంకుమభరిణ సమ్మక్క. జాతర అయ్యాక తల్లి వనప్రవేశం చేస్తుంది, గద్దె ఖాళీగా మిగులుతుంది. ఆ భరిణ ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో అడగకూడదు, ఫొటో తీయకూడదు. జానపద వస్తువులన్నిటినీ సేకరించి, కొలిచి, ఫొటో తీసి దాచాలనే ఉత్సాహం మనలో కొందరికి మరీ ఎక్కువ. కొన్నిటిని చూడకుండా ఉండటం కూడా శాస్త్రమే.

వస్తువు తయారీకి వాడే సరుకు సంగతీ ఉంది. అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారి పేరు 2022 పద్మశ్రీతో దేశానికి తెలిసింది, సినిమా పాటతో ఇంటింటికీ తెలిసింది. ఆయన వాయించే 12 మెట్ల కిన్నెరను పూర్వం వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో అతికి, మెట్లకు అలుగు పెంకులు వాడి చేసేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలుగును ముట్టుకుంటే జైలు. ఆ చట్టం సరైనదే, అలుగు కూడా మిగలాలి. గోండుల దండారీ పండుగలో ఆడే గుస్సాడీలు తలకు పెట్టుకునే నెమలి పింఛాల కిరీటానికి కొంత వెసులుబాటు దొరికింది, ఎందుకంటే రాలిన పింఛాల మీద ఆ చట్టం నిషేధం పెట్టలేదు. ఒక వాద్యానికి మెట్టు మారితే నాదం మారుతుంది. ఏ సరుకు వాడితే పాత నాదం వస్తుందో కిన్నెర చేసేవాళ్లతో కూర్చుని పరీక్షించే పని ఏ సాంకేతిక విద్యాసంస్థ అయినా ఒక విద్యార్థికి ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఆదిలాబాద్ ఓజాల ఇత్తడి పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి ముద్ద మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొట్టి బొమ్మ తీస్తారు కనక ఒక బొమ్మలాంటిది ఇంకొకటి ఉండదు. వాళ్లు గోండుల దేవతామూర్తులు, గంటలు, గజ్జెలు పోసేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా సన్మాన జ్ఞాపికలు పోస్తున్నారు. ఈ వేదిక మీద కూడా ఒకటి కనిపిస్తోంది. చాలా బాగుంది.

ఇంతసేపూ ఫిర్యాదులే చేశానని మీకనిపిస్తే చేయదగిన పనులు కూడా చెప్తాను. మ్యూజియాల రిజిస్టర్లలో వస్తువు పేరు, కొలత, కాలం, దొరికిన జిల్లా రాస్తున్నారు. వాటితోపాటు అది ఏ కుటుంబం చేతిలో ఉండేది, వాళ్లకు ఏ ఏ ఊళ్ల మీద హక్కు ఉండేది, కథ చెప్పినందుకు ఏం ముట్టేది, మ్యూజియం ఎంతకు కొన్నది, చివరిసారి ఎప్పుడు విప్పారు అన్నవి కూడా రాయాలి. అమ్మినవాడి పేరు ఇష్టముంటే రాయాలి, లేకుంటే మానాలి, అది అతన్నే అడగాలి. జయధీర్ తిరుమలరావు గారు ఆద్యకళ పేరుతో ఏళ్ల తరబడి సేకరించిన గిరిజన, జానపద వస్తువులు, వాద్యాలు మన ముందున్నాయి. ఒక మనిషి పట్టుదలతో అంత జరిగినప్పుడు ప్రభుత్వం తలుచుకుంటే ఇంకెంత జరగాలి?

రెండోది, పటం మ్యూజియంలో ఉన్నా దాని మీద చెప్పగలిగిన కథకుడు బతికుంటే, ఏడాదికి ఒక రాత్రి ఆ పటాన్ని అతని చేతికిచ్చి, వీలైతే అతని మిరాశీ ఊళ్లోనే చెప్పించాలి. పటం పాడవుతుందని అధికారులు భయపడతారు. కొత్త పటం రాయించండి. నకాషీ ఉన్నాడు, కథకుడూ ఉన్నాడు, ఇద్దరినీ మళ్లీ ఒకచోట కూర్చోబెట్టి రాయించే పటానికి అయ్యే ఖర్చు ఒక సాంస్కృతిక ఉత్సవంలో వేదిక అలంకరణకు పెట్టేదానికంటే ఎక్కువ కాదు. ఆ కథకుడికి ఇచ్చేది పారితోషికం అనకండి, త్యాగం అనండి. అతనికి అర్థమవుతుంది, మనకూ గుర్తుంటుంది.

మూడోది విశ్వవిద్యాలయాలకు. రామరాజు గారి తరం, తర్వాతి తరం పరిశోధకులు స్పూలు టేపుల మీద, క్యాసెట్ల మీద రికార్డు చేసిన కథలు వందల సంఖ్యలో బీరువాల్లో, రిటైరైన ఆచార్యుల ఇళ్లలో పడి ఉన్నాయి. టేపుకు బూజు పడితే ఎవరూ బాగుచేయలేరు. సిద్ధాంతవ్యాసం అట్ట మీద బంగారు అక్షరాలు అచ్చువేయించుకున్నవాళ్లం, ఆ వ్యాసానికి ఆధారమైన గొంతును బీరువాలో వదిలేయడం న్యాయం కాదు. వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞానపీఠం వంటి చోట వాటన్నిటినీ చేర్చి డిజిటల్ చేయడానికి ఒక గడువు పెట్టుకోవాలి. ఆ రికార్డింగుల ప్రతి ఒకటి కథకుడి కుటుంబానికి పంపాలి. వాళ్ల తాత గొంతు మొదట వాళ్లకు వినిపించాలి.

చివరిగా, ఈ సభలో కూర్చున్నవాళ్లలో చాలామందిది పల్లెటూరు నేపథ్యమే. మీ ఇళ్లలో ఎక్కడో ఒక పాత వాద్యమో, పటం ముక్కో, దేవర గంటో, తాత కొనితెచ్చిన బొమ్మో ఉండే ఉంటుంది. దాన్ని మ్యూజియానికి ఇచ్చినా, ఇంట్లోనే ఉంచుకున్నా, ఈ వారంలోనే ఒక కాగితం తీసుకుని అది ఎవరిది, ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎవరు వాడారు, మీ ఇంటికి ఎలా వచ్చింది అన్నది మీకు తెలిసినంత రాసి దానితోపాటే పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను అడిగి రాయండి, అడగడం వాయిదా వేయకండి.